తీసేసిన చోట ఇంకేం నొప్పి?

“తీసేశారు కదా, ఇంకా అక్కడ నొప్పేమిటే?” అని అడిగింది మా చిన్నత్త. ఆవిడ ప్రేమగానే అడిగింది. తరవాత అదే ప్రశ్న ఇంకొందరి నోట విన్నాను. వాళ్లలో ఒకాయన రిటైరైన సైన్సు మాస్టారు! కేన్సర్ గడ్డ పోయింది, ప్రాణం దక్కింది, పైగా పోయిన రొమ్ము స్థానంలో ఇంకోటి తీర్చిదిద్దుతున్నారు, ఇంకా ఈ మూలుగు దేనికని చాలామంది మొహాల్లో కనిపించేది.

మాది రాజమండ్రి. ఆపరేషన్ విశాఖపట్నంలో. ఎడమ రొమ్ము మొత్తం తీసి, అదే పూట ఛాతీ కండరం కింద ఎక్స్‌పాండర్ అనే సిలికాన్ సంచి పెట్టారు. మొదట్లో అది పెద్దగా నిండి ఉండదు. గాయం మానాక వారానికో, రెండు వారాలకో ఒకసారి సూదితో అందులోకి సెలైన్ ఎక్కిస్తూ పోతారు. పైనున్న కండరం, చర్మం కొద్దికొద్దిగా సాగి చోటిస్తాయి. కావలసినంత సాగాక ఆ సంచి తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెబితే తేలిగ్గానే అర్థమైంది. ఆ సాగడం ఎలా ఉంటుందో మాత్రం బొమ్మలో ఉండదు కదా.

మొదటి రోజుల్లో అసలు బాధ కోత దగ్గర కాదు, పక్కనుంచి వచ్చే డ్రెయిన్ ట్యూబు దగ్గర. లోపల ఊరే నీరు, నెత్తురు ఆ ట్యూబులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి దిగుతాయి. చర్మానికి ట్యూబుని ఒక కుట్టుతో పట్టి ఉంచుతారు. డబ్బా కాస్త వేలాడితే చాలు, ఆ కుట్టు లాగి ప్రాణం జివ్వుమనేది. మా అమ్మ పాత జాకెట్టు ముక్కతో చిన్న సంచి కుట్టి, దానికో నాడా వేసి మెడలో తగిలించింది. డబ్బా అందులో కూచున్నాక సగం బాధ పోయింది. రోజూ పొద్దున్నే అమ్మే కొలిచి నోటు పుస్తకంలో రాసేది. ఇరవై నాలుగు గంటల్లో 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే ట్యూబు తీస్తామన్నారు. పాలవాడి లెక్కల పక్కనే నా డ్రెయిన్ లెక్కలు ఉండేవి.

ట్యూబు తీసేశాక ఇంక సుఖమే అనుకున్నాను. అప్పుడు మొదలైంది బిగుతు. రెండు సైజులు తక్కువ జాకెట్టు తొడిగి, హుక్కులు పెట్టేసి, విప్పుకోడానికి వీల్లేకుండా కుట్టేసినట్టు ఉండేది. పోటు కాదు, మంట కాదు. నిండుగా ఊపిరి తీసుకుంటే మధ్యలోనే ఆగిపోయినట్టుండేది. తుమ్ము వస్తుందంటే భయం. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక చిన్న దిండు చేతికిచ్చి, “ఆంటీ, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దీన్ని ఛాతీకి అదుముకోండి” అంది. కార్లో సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య కూడా అదే దిండు. రాజమండ్రి రోడ్ల మీద స్పీడు బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది.

ఒక రాత్రి ఆ బిగుతు ఒక్కసారిగా ముడిపడిపోయింది. ఎడమవైపు, సరిగ్గా గుండె మీద. లేచి కూచుందామంటే చెయ్యి ఆన్చలేను. మా ఆయన మొహం పాలిపోయింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసే కుర్రాడు దుప్పటి తీసి చూసి, బిళ్లలు ఎక్కడ అంటించాలో తెలియక తల దించుకుని నిలబడ్డాడు. “పక్కటెముకలు లెక్కపెట్టుకుని అంటించు నాయనా, నాకేం ఫర్లేదు” అన్నాను. ఈసీజీ బాగానే ఉంది. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ కూడా బాగానే ఉంది. డ్యూటీ డాక్టరు చెమట పట్టిందా, దవడ లాగుతోందా, పిక్కలో నొప్పి గానీ వాపు గానీ ఉందా అని అడిగాడు. తరవాత ఛాతీ కండరం అంచు పట్టుకుని మెల్లగా నొక్కితే అదే నొప్పి అచ్చంగా వచ్చింది. “కండరం పట్టేసిందమ్మా” అన్నాడు. అనవసరంగా శ్రమ పెట్టామని మా ఆయన నొచ్చుకుంటుంటే, “లేదండీ, పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంటుంది. రావడమే మంచిది” అని గట్టిగా చెప్పాడు. ఆ కుర్ర డాక్టరంటే నాకు ఇప్పటికీ గౌరవం.

విశాఖ వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వింది. “ఉంది కాబట్టే పట్టేసిందమ్మా” అంది. 19వ శతాబ్దం చివర్లో హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ, చంకలో గ్రంథులూ అన్నీ ఊడ్చి తీసేసేవారట. 1970ల దాకా చాలాచోట్ల అదే రివాజు. ఆ ఆడవాళ్ల ఛాతీ గుంట పడిపోయేది, చెయ్యి వాచిపోయేది. ఇప్పుడు కండరాన్ని ఉంచుతున్నారు. నా విషయంలో దాన్ని పైకి లేపి కింద ఒక సంచి దూర్చారు. అది ఊరుకుంటుందా మరి! కొందరికి సంచిని కండరం పైనే పెడతారనీ, వాళ్లకి ఈ పట్టేయడం తక్కువనీ అప్పుడే తెలిసింది. ఎవరికి ఏది కుదురుతుందో చర్మం మందాన్ని బట్టీ, రేడియేషన్ ఇవ్వాలా లేదా అన్నదాన్ని బట్టీ డాక్టర్లు తేలుస్తారు.

సెలైన్ ఎక్కించే రోజు తతంగం ఇదీ. సంచిలో సూది గుచ్చే చోటు లోపల ఉంటుంది కాబట్టి, పైన చిన్న అయస్కాంతం తిప్పి దాన్ని కనిపెడతారు. అక్కడి చర్మం మొద్దుబారిపోయి ఉంటుంది. సూది దిగిన సంగతే తెలియదు. ఎక్కించేది ఏ 50, 60 మిల్లీలీటర్లో. బల్ల దిగి నడుస్తుంటే ఏమీ కాలేదనిపిస్తుంది. మధ్యాహ్నం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తుని దాటే సరికి పట్టు మొదలయ్యేది. ఆ రాత్రీ, మర్నాడూ గడ్డు. మూడో రోజుకి వదిలేది. నొప్పి ముదిరాక మాత్ర వేసుకోవడం కాదు, ఎక్కించడానికి ఓ గంట ముందే వేసుకుంటే చాలా తేడా ఉందని సిస్టర్ చెప్పింది, నిజమే. ఒకసారి మరీ ఓర్చుకోలేనంత అయితే, తరవాతి దఫా పరిమాణం తగ్గించారు, ఇంకో వారం జరిపారు. అలా అడగొచ్చని ముందు నాకు తెలియదు. తొందరేం లేదు, సాగేది మీ ఒళ్లే కదా అంది డాక్టరమ్మ.

అమ్మ చేతిలో ఉన్న మందు కాపడం. ఉప్పు వేయించి మూట కట్టి సిద్ధంగా ఉంచేది. ఫిజియో అమ్మాయి మాత్రం ఛాతీ మీద వేడి పెట్టనే వద్దంది. స్పర్శ లేని చర్మం కాలుతున్నా తెలియదు, బొబ్బలెక్కాక చూసుకోవాలి. ఐస్ కూడా అంతే. అమ్మ చిన్నబుచ్చుకుంది. “అయితే వీపు మీద పెట్టుకోవచ్చమ్మమ్మా” అని ఆ అమ్మాయే దారి చెప్పింది. ఛాతీ గట్టిగా ఉంటే మనిషి ముందుకి వంగిపోతుంది, వీపూ భుజాలూ సలుపుతాయి. అమ్మ ఆ మూటని ముందు తన చెంపకి ఆన్చుకుని చూసి, అప్పుడు నా రెక్క ఎముక పక్కన పెట్టేది. దానికి సాటి వచ్చే మాత్ర నాకు దొరకలేదు.

ఇంకో బాధ జబ్బ లోపలివైపు. మంట, చిమచిమ, చీర చెంగు తగిలినా చిరాకు. చంకలో గ్రంథులు తీసేటప్పుడు అక్కడి నరం దెబ్బతినడం మామూలేనట. దానికి పారాసిటమాల్ పని చెయ్యదు. రాత్రి పూట తక్కువ మోతాదులో గాబాపెంటిన్ ఇచ్చారు. పొద్దున్న కాస్త మత్తుగా ఉండేది గానీ నిద్ర పట్టేది. దూదితో, తరవాత మెత్తటి తువ్వాలుతో ఆ చోట రోజూ రుద్దుకోమన్నారు. ఇక లేని చనుమొన దురద పెట్టడం ఒక వింత. గోక్కుంటే చేతికి చర్మం తగులుతుంది, దురద మాత్రం తీరదు.

వ్యాయామాలంటే గోడ మీద వేళ్లతో పైకి నడవడం, భుజాలు తిప్పడం, కడుపు నిండా ఊపిరి తీయడం. మొదట్లో చెయ్యి భుజం ఎత్తు దాటనివ్వలేదు. కండరం పనిచేసేది జడ వేసుకునేటప్పుడూ, కుక్కర్ మూత తిప్పేటప్పుడూ, తడి చీర పిండేటప్పుడూ అని వంటింట్లోనే కనిపెట్టాను. అవన్నీ మా అమ్మాయి మీద పడ్డాయి.

సంచి తీసి ఇంప్లాంట్ పెట్టాక తేడా స్పృహ రాగానే తెలిసింది. ఆ గట్టిదనం పోయింది. బాధ పూర్తిగా పోయిందని చెప్పను. బరువెత్తితే ఇప్పటికీ లాగుతుంది. ధనుర్మాసం చలికి ఆ వైపు చల్లబడుతుంది.

మీ ఇంట్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లుంటే, నొప్పి ఎక్కడ, ఏ వేళ, ఏం చేస్తే పెరుగుతోందో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించమనండి. “ఎలా ఉందమ్మా” అంటే “బాగానే ఉంది” అని వచ్చేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. జ్వరం, ఎరుపు, ఉన్నట్టుండి ఒకవైపు వాపు, గాయంలోంచి చీము, ఆయాసం, పిక్కలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా మాత్రం కాగితం, అపాయింట్‌మెంట్ అని ఆగకండి. రాత్రయినా సరే, వెంటనే తీసుకెళ్లండి.