రెఫరీని పిలిచిందెవరు?

మా ధర్మపురి దిక్కు కబడ్డీ టోర్నమెంటు పెట్టడం పెద్ద కష్టమేం కాదు. సంక్రాంతికో, దసరాకో ఊళ్లో నలుగురు పోరలు కూడితే చాలు. సున్నంతో గీతలు గీస్తారు, లైట్లు కిరాయికి తెస్తారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు. మొదటి బహుమతి ఎవరిస్తున్నారో మైకులో పదిసార్లు చెప్తారు. అన్నీ అయ్యాక ముందురోజు రాత్రి ఎవరికో గుర్తొస్తది, "అరే, రెఫరీ ఎవర్రా?" అని.

ఇక ఫోన్లు మొదలు. వారమంతా జగిత్యాలలో ఉద్యోగం చేసి, ఆదివారం వస్తే విజిల్ మెడలో వేసుకుని తిరిగే నాలాంటోళ్లకు ఆ ఫోన్లు బాగా అలవాటు. "అన్నా, పొద్దుగాల ఏడింటికల్లా రావాలె. నువ్వు మనోడివే కదా!"

ఆ 'మనోడివే' అన్న మాటలోనే ఉంది అసలు చిక్కంతా.

లెక్క చూడండి. రూల్ బుక్ ప్రకారం ఒక కబడ్డీ మ్యాచ్‌కు ఆరుగురు ఉండాలి. ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు. 16 టీములతో నాకౌట్ పెడితే 15 మ్యాచ్‌లు. అంటే 90 డ్యూటీలు! ఊళ్లల్లో ఇవన్నీ చేసేది ఇద్దరు ముగ్గురే. ఓ పీఈటీ సారు, ఓ పాత ఆటగాడు, స్కోరు రాయడానికి దొరికిన ఎవరో ఒక పిల్లగాడు. పొద్దున మొదలుపెట్టిన మనిషి రాత్రి ఫైనల్ దాకా నిలబడే ఉంటాడు. ఆ అలసటలో ఒక బోనస్ పాయింట్ కంటికి అందకపోతే తిట్లు మాత్రం ఆయనకే.

ఇంకో తమాషా ఉంది. ఎప్పుడూ ఆ నలుగురికే పిలుపు. కొత్తగా రూల్స్ నేర్చుకుని, పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు ఒక్క ఫోన్ రాదు. ఎందుకంటే వాళ్ల నంబరు ఎవరి ఫోన్‌లోనూ లేదు! ఇటు ఒకే ఆదివారం నేరెళ్లలో వస్తానని, వెల్గటూరులోనూ వస్తానని చెప్పేటోళ్లు ఉంటారు. ఏ ఊరికి మొండిచెయ్యి చూపిస్తారో ఆ రోజు పొద్దున్నే తెలుస్తది.

అందుకే పోయిన సంక్రాంతికి ముందు మేం కొందరం కూర్చుని, పైసా ఖర్చు లేకుండా ఒక గూగుల్ ఫామ్, ఒక గూగుల్ షీట్ తయారు చేసుకున్నాం. ఏ ఊరు, ఏ ఆట, ఎంత అనుభవం, ఏయే తారీఖులు ఖాళీ, బండి ఉందా బస్సా, ఏ టీములో చుట్టాలో శిష్యులో ఉన్నారు? ఇవే ప్రశ్నలు. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. మీ ఊరి టీము ఆడే మ్యాచ్‌కు మీ పేరు రాదు. మీ స్కూలు పిల్లల మ్యాచ్‌కూ రాదు. అవసరమైతే గోదావరి అవతల లక్షెట్టిపేట నుంచి ఒకరు రాయపట్నం వంతెన దాటి వస్తారు. పేరు వచ్చినవాళ్లు మర్నాడు రాత్రి ఎనిమిదిలోపు 'వస్తా', 'రాలేను' అని చెప్పాలి. జవాబు లేకపోతే డ్యూటీ వరుసలో ఉన్న తర్వాతి మనిషికి పోతది. లిస్టు రెండు రోజుల ముందే కెప్టెన్లందరి గ్రూపులో పడుతుంది.

మా పెద్ద పీఈటీ సారు మొదట నవ్వారు. "తమ్మీ, ఇన్నేండ్లు నోటి మాట మీదనే నడిపినం. గిప్పుడు గిదెందుకు?" ఆయనది బటన్ల ఫోను. ఆయన ఫామ్ మనవడు నింపాడు. డ్యూటీ పడితే ఆయనకు ఫోన్ చేసి చెప్తాం. స్మార్ట్‌ఫోన్ లేదని అంత అనుభవమున్న మనిషిని పక్కన పెడితే నష్టం ఆటకే.

ఇది కొత్త ఐడియా ఏం కాదు. అమెరికాలో స్కూలు ఆటలకు ఆర్బిటర్‌స్పోర్ట్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. రాలేని తారీఖులు ముందే బ్లాక్ చేసుకోవచ్చు, వచ్చిన మ్యాచ్‌ను ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. మన దగ్గర గల్లీ క్రికెట్ ఆడేవాళ్లకు అహ్మదాబాద్‌లో తయారైన క్రిక్‌హీరోస్ తెలుసు. స్కోరుతో పాటు అంపైర్లను, స్కోరర్లను వెతుక్కునే వీలు కూడా అందులో ఉంది. 2024 డిసెంబరులో తెలంగాణ సీఎం కప్‌కు ఆటగాళ్లు ఆన్‌లైన్‌లోనే పేర్లు ఇచ్చారు. ఆడేవాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లోకి వచ్చేశాయి. ఊరి టోర్నమెంట్లలో ఆడించేవాళ్ల పేర్లు మాత్రం ఇంకా ఎవరిదో ఫోన్ కాంటాక్ట్స్‌లోనే ఉన్నాయి.

లిస్టు చేసిన పని

షీట్ వల్ల టైమ్ కలిసొస్తుందని అనుకున్నాం. కలిసొచ్చింది కూడా. కానీ దాని అసలు పని ఒక సెమీఫైనల్లో తెలిసింది.

ఊరు పేరెందుకు గానీ, ఆడుతున్నది టోర్నమెంటు పెట్టిన ఊరి టీమే. రెండు నిమిషాల ఆట మిగిలి ఉంది, స్కోరు సమానం. వాళ్ల రైడర్ ఎవరినీ తాకకుండానే లాబీలో కాలు పెట్టాడు. రూల్ ప్రకారం అవుట్. రెఫరీ చెయ్యెత్తింది. అవును, ఆడపిల్లే. సారంగాపూర్ దిక్కు నుంచి వచ్చే చెల్లె, ఇరవై రెండేళ్లుంటాయి. ఖర్చు పెట్టిన పెద్దమనిషి ఒకాయన లోపలికొచ్చేశాడు. "నిన్ను ఎవరు పిలిచిండ్రు ఇక్కడికి?"

వెనకట అయితే ఆ ప్రశ్నకు జవాబు 'మీరే పిలిచిండ్రు సార్'. ఆ జవాబు చెప్పాక ఇక చేతిలో విజిల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆమె గొంతు పెంచలేదు. "లిస్టులో నా పేరుంది సార్. రెండ్రోజుల కింద కెప్టెన్లందరూ చూసిండ్రు. అప్పుడు ఎవ్వరూ వద్దనలే" అంది. ఆయన తన టీము కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ నేల చూపులు చూశాడు. అయిదు నిమిషాలు గోల జరిగింది, తర్వాత ఆట మొదలైంది. అవుట్ అవుట్‌గానే ఉంది.

పిలిచింది ఒక మనిషైతే రెఫరీ ఆ మనిషికి బాకీ పడతాడు. పిలిచింది పద్ధతైతే ఎవరికీ బాకీ లేదు. నాకు ఈ షీట్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

షీట్ చేయలేనిది

అలాగని సాఫ్ట్‌వేర్ అన్నీ చేసిపెడుతుందని అనుకోకండి. అమెరికాలో అంత ఏర్పాటు ఉండి కూడా 2018-19 తర్వాత మూడు నాలుగేళ్లలో దాదాపు 50,000 మంది హైస్కూల్ ఆటల అఫిషియల్స్ ఆ పని వదిలేశారని అక్కడి జాతీయ హైస్కూల్ సంఘాల సమాఖ్య చెప్పింది. కరోనా ఒక కారణమైతే, గ్రౌండ్ పక్కన నిలబడి తిట్టే తల్లిదండ్రులు ఇంకో కారణం. డ్యూటీ వేయడం యాప్‌కు వచ్చు. తిట్టే నోరు మూయించడం దానికి రాదు. అది ఊరే చేయాలి.

ఆ చెల్లె ఫైనల్‌కు ఉండలేదు. చీకటి పడ్డాక బస్సు లేదు. ఇప్పుడు షీట్‌లో 'ఎన్నింటికి తిరిగి పోవాలె' అని ఒక కాలమ్ ఉంది. ఆడపిల్లలకు పొద్దున మ్యాచ్‌లు పడతాయి. రాత్రి ఉండాలంటే ఇంటి దాకా బండి ఏర్పాటు చేసే పూచీ టోర్నమెంటు పెట్టినోళ్లదే. ఫోన్ నంబర్లు షీట్ నడిపే ఇద్దరికే కనిపిస్తాయి, గ్రూపులో పేరు మాత్రమే. 18 ఏళ్లు నిండని స్కోరర్లయితే ఇంట్లో అడిగాకే వివరాలు తీసుకుంటాం. 2023 డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే. ఫీజు దగ్గర 'ముట్టింది' అని టిక్ పడితేనే ఆ టోర్నమెంటు లెక్క ముగిసినట్టు. 'తర్వాత చూద్దాం తియ్' అనే మాటకు మా షీట్‌లో కాలమ్ లేదు.

ఇది చదివేవాళ్లలో స్కూల్లో, కాలేజీలో ఆడి, పై టీముకు సెలెక్ట్ కాక ఆట వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. కూత ఆగిపోయినంత మాత్రాన ఆట తెలియకుండా పోదు కదా. ముందు స్కోరర్‌గా కూర్చోండి. ఒక సీజన్ రాస్తే రూల్స్ వాటంతటవే నోటికొస్తాయి. తర్వాత అంపైర్, ఆ తర్వాత విజిల్. ఎవరైనా పిలిస్తే మూడు మాటలు అడగండి. లిస్టులో నా పేరుందా? ఫీజు ఎంత, ఎప్పుడిస్తారు? తిరిగి ఇంటికెట్ల పోవాలె? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని టోర్నమెంటుకు మొహమాటపడి పోవద్దు.

మా షీట్‌లో రెఫరీల వరుస ఇప్పటికి పర్వాలేదు. స్కోరర్ల వరుసలోనే ఇంకా ఖాళీలున్నాయి.