పుణెలో అడకత్తెరలు, మా ఇంట అంచులు

షోలాపురం నుండి పుణె వెళ్లిన మనవారు శనివారవాడా చూచి మరలి వస్తుంటారు. అక్కడికి కొద్ది దూరంలో, శుక్రవారపేటలో రాజా దినకర్ కేళ్కర్ మ్యూజియం ఉన్నది. మేము పూటంతా అక్కడే గడిపినాము.

కవి దినకర్ కేళ్కర్ గారు 1920 ప్రాంతంలో మొదలుపెట్టి, చిన్నతనంలోనే పోయిన కుమారుడు రాజా పేర నిలిపిన సేకరణ ఇది. 20,000 పైచిలుకు వస్తువులు. మమ్ము కదలనీయనివి ఆయుధాలు కావు, అడకత్తెరలు! పక్షి ఆకారంలో ఒకటి, గుర్రం ఆకారంలో ఒకటి. ఒకే పనిముట్టును పక్కపక్కన పెడితే గదా, ఒక పనివాని ఊహకూ మరొకని ఊహకూ తేడా తెలిసేది!

మరి మన నేతగాండ్ర ఇండ్ల మాటేమిటి? అవ్వల చీరలు స్టీలు గిన్నెలవాని మూటలోకి పోతున్నవి. మచ్చు లేనిదే ఆ అంచు మళ్లీ మగ్గమెక్కేదెట్లా?

ఇల్లు చేరగానే పాత పద్దుపుస్తకం ఒకటి తీసినాము. చిరిగిన చీరల నుండి జానెడంచు కత్తిరించి పుటకొకటిగా కుట్టుచున్నాము. జిగురు పనికిరాదు, పురుగు చేరుతుంది. పక్కనే ఎవరి చీర, ఏ ఊరి నేత, ఏ పెండ్లికి కొన్నది అని వ్రాత. పువ్వులొకచోట, పక్షులొకచోట, గోపురాలొకచోట. ఇప్పటికి 31 అంచులైనవి. రుద్రాక్ష అంచు మాత్రం మేనత్తగారు ఇవ్వనంటున్నారు. ఆ చీర ఇంకా కడతారట.