కింద అన్ని నీళ్లు

ఎం.ఎస్. మొదటి ఏడాది సెలవుల్లో తాహో వెళ్లాం. కాలిఫోర్నియా, నెవాడాల మధ్య ఉన్న ఆ సరస్సును కొండల మీదుగా చుట్టొచ్చే కాలిబాట దాదాపు 265 కి.మీ. మేం నడిచింది అందులో ఒక ముక్క, కింగ్స్‌బరీ నుంచి స్పూనర్ కనుమ దాకా. ఆ దారిలో నీళ్లు దొరకవని చదివి కూడా, బరువని రెండు లీటర్లే తీసుకెళ్లాను (మన తెలివి!). మధ్యాహ్నానికే అయిపోయాయి. కింద చూస్తే నీలంగా అంత సరస్సు. దిగితే మళ్లీ ఎక్కలేం. నోరు పిడచకట్టుకుపోతున్నా చెప్పడానికి సిగ్గేసింది. రూమ్మేటే కనిపెట్టి, "తాగరా, నాకింకోటి ఉందిలే" అని బాటిల్ ఇచ్చాడు. గటగటా తాగేశా. సాయంత్రం వాడి బ్యాగ్ డిక్కీలో పెడుతుంటే చూశా. జాకెట్ తప్ప ఏమీ లేదు. అడగలేకపోయాను. దారంతా వాడే డ్రైవ్ చేశాడు.