టిప్పు తిప్పలు

ఇంగ్లండులో లెస్టరు పట్టణంలో మేము కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా పక్కింట్లో ఒక ఆంగ్లేయ దంపతులున్నారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మా ఇంట్లో ఆయన్ని దొరగారనీ, ఆవిడను దొరసానిగారనీ అంటాము. ఆ మాటల అర్థం తెలిసి ఆయన కూడా మురిసిపోతూంటాడు. 2025 వేసవిలో మేము నలుగురమూ కలిసి అయిదు రోజులు న్యూయార్కు చూసి వచ్చాము. స్వేచ్ఛాదేవి విగ్రహం గురించీ, ఆకాశాన్నంటే మేడల గురించీ పాఠకులు ఈపాటికి ఎన్నోసార్లు చదివి ఉంటారు; వాటి జోలికి పోను. మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టినది మాత్రం భోజనం చివర వచ్చే చిన్న కాగితం.

మొదటి రోజు సాయంకాలం టైమ్స్ స్క్వేరుకు నాలుగు వీధుల అవతల ఒక భోజనశాలకు వెళ్ళాము. కూర్చున్నామో లేదో ఒక అమ్మాయి వచ్చి తన పేరు చెప్పి, మంచుముక్కలు నింపిన గ్లాసుల్లో నీళ్ళు పోసింది. అడగకుండా నీళ్ళు! దొరసాని విస్తుపోయింది. గ్లాసు సగం కాకుండానే మళ్ళీ నింపింది. మా ఆవిడ మాంసం ముట్టదని చెబితే, లోపలికి వెళ్ళి వంటవాణ్ణి అడిగి వచ్చి, “ఈ సూపులో కోడి ఉడికించిన నీళ్ళు పోస్తారటండీ, మీకు వద్దు” అని తనంతట తనే హెచ్చరించింది. ఇరవై ఏళ్ళలో ఇంగ్లండులో నాకు అంత శ్రద్ధగా వడ్డించినవారు బహు తక్కువ.

బిల్లు వచ్చింది. మేము తిన్నది 164 డాలర్లు. దాని మీద న్యూయార్కు అమ్మకపు పన్ను 8.875 శాతం; అంటే మరో 14 డాలర్ల 56 సెంట్లు. ఇంగ్లండులో మెనూ కార్డు మీద ఎంత ఉంటే అంతే ఇస్తాము, పన్ను అందులోనే ఉంటుంది. అమెరికాలో పన్ను చివర వచ్చి కూర్చుంటుంది. దొరగారు కళ్ళజోడు సవరించుకుని లెక్క రెండుసార్లు చూసి, మొత్తం 178 డాలర్ల 56 సెంట్లకు 185 డాలర్లు పెట్టి, “చిల్లర ఉంచుకో అమ్మాయ్” అన్నాడు ఉదారంగా.

ఆ అమ్మాయి డబ్బు వంక చూసి, “అన్నీ బాగున్నాయా అండీ?” అని అడిగింది.

“దివ్యంగా ఉన్నాయి!” అన్నాడు దొరగారు.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు నాకెందుకో సగంలో ఆగినట్టనిపించింది. దొరగారు మాత్రం హోటలు గది చేరేదాకా అమెరికావాళ్ళ మర్యాదను పొగుడుతూనే ఉన్నాడు.

మర్నాడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా పిన్ని కూతురి ఇంటికి నలుగురమూ భోజనానికి వెళ్ళాము. మా మేనకోడలు అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీలో చదివే రోజుల్లో రెండు వేసవులు ఒక హోటల్లో వడ్డన పని చేసింది. ఇక్కడ దాన్ని ఎవరూ చిన్నతనంగా అనుకోరు. దొరగారు ముందునాటి భోజనం సంగతి వర్ణిస్తూ, ఎంత ఇచ్చిందీ చెప్పగానే ఆ పిల్ల చేతిలోని గరిటె అలాగే నిలిచిపోయింది.

“అయ్యో మామయ్యా, 6 డాలర్ల 44 సెంట్లా? నువ్వు పక్కనే ఉండి ఊరుకున్నావా?”

తప్పు నా మీదికి వచ్చింది. వడ్డన బాగుంటే పన్నుకు ముందు మొత్తం మీద నూటికి 18 నుంచి 20 ఇవ్వడం అక్కడి వాడుక. 15కు తగ్గితే వడ్డన నచ్చలేదని చెప్పినట్టు. 164కు 20 శాతమంటే 32 డాలర్ల 80 సెంట్లు!

దొరగారి ముఖం ఎర్రబడింది. “అది బక్షీసు కాదు, జరిమానా” అన్నాడు.

అప్పుడా పిల్ల కాగితం తీసుకుని వివరంగా చెప్పింది. అమెరికాలో కనీస వేతనం రెండు రకాలు. కేంద్ర చట్టం ప్రకారం సాధారణ కార్మికుడికి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ఇది 2009 నుంచి మారలేదు. టిప్పు వచ్చే పనివారికి యజమాని తన జేబులోంచి ఇవ్వవలసింది గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. ఇది 1991 నుంచి కదలలేదు. మిగతాది అతిథులు నింపాలి. అతిథులు నింపకపోతే యజమాని సర్దాలని చట్టంలో ఉన్నది, కాని అడిగి తెచ్చుకోవడం అందరికీ సాధ్యమయ్యే పని కాదట. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటె మెరుగు. న్యూయార్కు నగరంలో 2025లో కనీస వేతనం 16 డాలర్ల 50 సెంట్లయితే, హోటలు సర్వరుకు యజమాని ఇచ్చేది 11 డాలర్లు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్ వంటి చోట్ల సర్వరుకూ పూర్తి వేతనమే. అయినా టిప్పు వాడుక అక్కడా తగ్గలేదు.

“ఇంకొకటి మామయ్యా. వచ్చిన టిప్పంతా వడ్డించినవాళ్ళదే కాదు. ఎంగిలి పళ్ళేలు తీసేవాడికీ, పానీయాలు కలిపేవాడికీ అందులోంచి వాటా ఇవ్వాలి. మా హోటల్లో టిప్పు ఎంత వచ్చిందని చూడరు. ఎంత అమ్మితే దాని మీద నూటికి 4 లెక్క కట్టేవారు.”

దొరగారు రైల్వేలో లెక్కలు చూసిన మనిషి. 164కు 4 శాతం ఎంతో నోటనే కట్టాడు: 6 డాలర్ల 56 సెంట్లు. తానిచ్చింది 6 డాలర్ల 44 సెంట్లు. ఆ హోటల్లోనూ ఇదే పద్ధతి అయితే, మాకు రెండు గంటలు వడ్డించినందుకు ఆ అమ్మాయి మరో బల్ల మీద సంపాదించిన దాంట్లోంచి 12 సెంట్లు ఎదురిచ్చి ఉంటుంది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా చెల్లెలు గబగబా పెరుగు వడ్డించింది.

అయితే దొరగారు అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాడు. ఆయన వాదంలో న్యాయం లేకపోలేదు. ఇంగ్లండులో సర్వరుకైనా గుమాస్తాకైనా కనీస వేతనం ఒక్కటే. 21 ఏళ్ళు నిండినవారికి 2025 ఏప్రిల్‌లో అది గంటకు 12 పౌన్ల 21 పెన్నీలయింది. 2009 నుంచి టిప్పు డబ్బును ఆ వేతనంలో కలిపి చూపడానికి వీల్లేదు. 2024 అక్టోబరులో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం యజమాని టిప్పులో చెయ్యి పెట్టరాదు. చాలా హోటళ్ళు 12.5 శాతం సర్వీసు చార్జీ బిల్లులోనే వేస్తాయి, వద్దంటే తీసేస్తాయి. పబ్బులో టిప్పు ఇవ్వనే ఇవ్వరు. సరదా పుడితే “నువ్వూ ఒకటి తీసుకో” అని పోసేవాడికి ఒక గ్లాసు ఖరీదు చెల్లిస్తారు, అంతే. “జీతం యజమాని ఇవ్వాలి. వాడి బదులు నేనిస్తే వాడు ఎప్పటికి మారతాడు?” అన్నాడు.

“నిజమే అంకుల్. కాని మీరు ఇవ్వనంత మాత్రాన యజమానికి ఏ నష్టమూ లేదు. నష్టం ఆ అమ్మాయికి. ఒకటో తారీఖున అద్దె కట్టేది ఆమె” అన్నది మా మేనకోడలు.

ఈ వాడుకకు మూలం మళ్ళీ ఇంగ్లండే కావడం విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి గొప్పవారింటికి విందుకు వెళ్ళిన అతిథి, తిరిగి వెళ్ళేటప్పుడు వాకిట్లో బారుతీరి నిలబడ్డ నౌకర్లందరికీ డబ్బు పంచవలసి వచ్చేది. పేద బంధువులు ఆ ఖర్చుకు జడిసి విందులే మానుకునేవారట. అంతర్యుద్ధం తరువాత యూరపు యాత్రలు చేసి వచ్చిన అమెరికా ధనికులు ఆ అలవాటును వెంట తెచ్చారు. అప్పుడే దాస్య విముక్తి పొందిన నల్లవారిని రైలు పెట్టెల్లో సేవకులుగా పెట్టుకున్న పుల్‌మన్ కంపెనీ వారికి అతి తక్కువ జీతమిచ్చి, మిగతాది ప్రయాణీకుల దయకు వదిలేసింది. ఆ సేవకులు 1925లో సంఘం పెట్టుకుని, ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. రైల్వే మనిషి గనుక కాబోలు, ఈ ముక్క చెప్పినప్పుడు దొరగారు మారు మాట్లాడకుండా విన్నాడు.

అమెరికావాళ్ళకు మాత్రం ఇది ఇష్టమా అంటే, అదీ లేదు. టిప్పు ప్రజాస్వామ్యానికి తగదని 1909లో వాషింగ్టన్ రాష్ట్రం ఏకంగా నిషేధ చట్టమే చేసింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1926 నాటికి అవన్నీ ఎగిరిపోయాయి. 1966లో వచ్చిన సవరణతో, టిప్పును వేతనంలో కలిపి లెక్కించడం కేంద్ర చట్టానికే ఎక్కింది. 2015లో న్యూయార్కులో పేరుమోసిన హోటళ్ళ యజమాని డానీ మేయర్ టిప్పు తీసేసి ధరలు పెంచి చూశాడు. 2020లో ఆయనే ఆ ప్రయత్నం విరమించుకున్నాడు.

మేము తెలుసుకున్న చిన్న మెలకువలు కొన్ని చెబుతాను. ఇంగ్లండు నుంచి వెళ్ళేవారికే కాదు, పిల్లల్ని చూడటానికి మన ఊళ్ళ నుంచి వెళ్ళే తలిదండ్రులకూ పనికివస్తాయి. న్యూయార్కులో పన్నును రెట్టింపు చేస్తే దాదాపు 18 శాతం వస్తుంది, వేళ్ళు మడవనక్కర్లేదు. ఆరుగురో అంతకు మించో వెళితే టిప్పు బిల్లులోనే వేసే హోటళ్ళు చాలా ఉన్నాయి. మయామీ వంటి యాత్రికుల చోట్ల ఇద్దరికైనా వేస్తారు. అది చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. కార్డుతో చెల్లిస్తే ఆ కార్డును సర్వరు లోపలికి పట్టుకుపోతుంది. దొరసాని మొదటిసారి కంగారుపడి కుర్చీలోంచి లేచింది! తరువాత తెచ్చే రసీదులో టిప్పుకు ఒక ఖాళీ గీత ఉంటుంది. అంకె మనమే వేసి, మొత్తం కూడి, సంతకం పెట్టాలి. బారులో గ్లాసుకు ఒక డాలరు, హోటలు గది ఊడ్చే ఆమెకు రోజుకు రెండు నుంచి అయిదు డాలర్లు. అది ఏ రోజుకారోజే పెట్టాలి. రేపు వచ్చే మనిషి వేరు కావచ్చు. నిలబడి కాఫీ కొనుక్కునే చోట కూడా ఒక తెర మన వైపు తిప్పి 18, 20, 25 అని చూపిస్తారు. అక్కడ వద్దనే మీట నొక్కినా తప్పులేదని మా మేనకోడలి తీర్పు. కాని వెనక వరుసలో నలుగురు చూస్తూంటే ఆ మీట నొక్కడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు దొరగారు తనంతట తనే, “ఆ మొదటి హోటలుకే పోదాం” అన్నాడు. ఆ అమ్మాయి ఉంది. ఆమె చూసుకునే వైపే బల్ల అడిగి కూర్చున్నాము. మళ్ళీ అడగని నీళ్ళు, మళ్ళీ అదే శ్రద్ధ. మా ఆవిడ మాంసం తినదన్న సంగతి కూడా ఆమెకు గుర్తుంది. ఈసారి పన్నుకు ముందు 120 డాలర్లయింది. దొరగారు జేబులోంచి ఒక కాగితం తీశాడు. నేటి టిప్పు 24. మొదటిరోజు బాకీ, ఇవ్వవలసిన దాంట్లో ఇచ్చింది పోను, 26 డాలర్ల 36 సెంట్లు. బిల్లు సొమ్ము పక్కగా పెట్టి, 50 డాలర్ల మీద 36 సెంట్లు నాణాలతో సహా లెక్కపెట్టి బల్ల మీద పేర్చాడు. దొరసాని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ అమ్మాయి వచ్చి నోట్లూ నాణాలూ చూసి, “అన్నీ బాగున్నాయా అండీ?” అని అడిగింది. అచ్చంగా అవే మాటలు, అదే గొంతు.

విమానంలో దొరగారికి నిద్ర పట్టలేదు. అట్లాంటిక్ మధ్యలో నన్ను తట్టి లేపి, “మొదటిరోజు ఆ పిల్ల నన్ను దెప్పిందంటావా, లేక అందరినీ అలాగే అడుగుతుందంటావా?” అన్నాడు. తెలియదన్నాను. లెస్టరు చేరేలోగా మరో రెండుసార్లు అడిగాడు.