ఖావ్ సోక్: నీటి మీద గుడారాలు, నీటి కింద ఊళ్లు

ఖావ్ సోక్ మీదికి వాన రెండు వైపుల నుంచీ వస్తుంది. వేసవి ముగిసేసరికి నైరుతి గాలులు అండమాన్ సముద్రం మీదుగా పడమటి నుంచి మబ్బుల్ని మోసుకొస్తాయి. అవి వెనక్కి తగ్గాక ఈశాన్య గాలులు థాయ్ సింధుశాఖ నీటిని పీల్చుకుని తూర్పు నుంచి వస్తాయి. దక్షిణ థాయ్‌లాండ్ ఇక్కడ బాగా సన్నబడుతుంది. ఆ సన్నటి నేల నడుమ నిటారుగా నిలిచిన సున్నపురాయి కొండలు అటు మబ్బునూ ఇటు మబ్బునూ ఆపి దించేసుకుంటాయి. ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా వాన. విశాఖపట్నంలో పడేదానికి మూడింతలు. ఆ దేశం మొత్తంలో బాగా తడిసే ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడి అడవి ఎండాకాలంలో కూడా ఆకు రాల్చి బోసిపోదు.

హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కి నేరుగా విమానం ఉంది. మనవాళ్లు చాలామంది ఆ సముద్రపు ఒడ్డునే నాలుగు రోజులు గడిపి తిరిగి వచ్చేస్తారు. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో మూడు గంటలు ప్రయాణం చేస్తే, రబ్బరు తోటలు, పామాయిల్ తోటలు దాటాక, ఒక్కసారిగా రోడ్డుకు రెండు పక్కలా రాతి గోడలు లేస్తాయి. అదే సూరత్ థానీ రాష్ట్రంలోని ఖావ్ సోక్. 1980లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 739 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆనుకుని ఉన్న ఇతర ఉద్యానవనాలు, అభయారణ్యాలు కలిపితే నాలుగు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అడవి ఏనుగు, అడవిదున్న, టాపిర్, ఎలుగుల్లో చిన్నదైన సూర్య ఎలుగు, మబ్బుల చిరుత ఇంకా తిరుగుతున్నాయంటే, ఒకదానితో ఒకటి కలిసి ఉన్న ఈ పెద్ద అడవే కారణం.

ఆ కొండల రాయి ఒకప్పటి సముద్రం అడుగున పగడపు దిబ్బలుగా పెరిగింది. పాతిక కోట్ల ఏళ్ల కిందటి మాట. నేల పైకి లేచింది, వాన కోసింది, మిగిలినవి ఈ స్తంభాలు. కొన్ని మూడు వందల మీటర్ల ఎత్తు ఉంటాయి. మట్టి నిలవని ఆ నిలువు గోడల్లో కూడా పగులు దొరికిన చోటల్లా చెట్టు వేరు దించుకుంది.

ఇలాంటి చోట హోటల్ కట్టడం కంటే గుడారం వేయడమే సబబు. ఆ ఆలోచనను ఇక్కడ బాగా పట్టుకున్నది ఎలిఫెంట్ హిల్స్ అనే శిబిరం. ఆఫ్రికా సఫారీల్లో వాడే పెద్ద కాన్వాస్ గుడారాల్ని తెచ్చి, చెక్క అరుగుల మీద నిలబెట్టి, కొండ అడుగున వరసగా వేశారు. లోపల నిజమైన మంచం, తెల్లటి దుప్పటి, బట్టలు పెట్టుకునే బీరువా, వెనకవైపు గోడ కట్టిన స్నానాలగది. వేడినీళ్లు వస్తాయి. ఫ్యాన్ తిరుగుతుంది, ఏసీ ఉండదు. గ్లాంపింగ్ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలుస్తున్న పద్ధతి ఇదే. చవక వ్యవహారం కాదు. ఆ డబ్బుతో ఫుకెట్‌లో పెద్ద హోటల్లో దిగొచ్చు. అయినా ఖర్చు పెట్టదగ్గ విలాసం ఇదేనని నేను నమ్ముతాను. అందుకు కారణం ఆ మంచమూ కాదు, వేడినీళ్లూ కాదు.

కారణం ఆ గుడ్డ. గుడారం గోడకు చదరంగా కత్తిరించిన కిటికీ ఉంటుంది. దానికి లోపలివైపు సన్నటి దోమతెర, బయటివైపు చుట్టగా పైకి చుట్టి నాడాతో కట్టేసే కాన్వాస్ రెప్ప. రాత్రి ఆ రెప్ప దించకుండా పడుకోవాలి. ఇటుక గోడ ఆపేసే చప్పుళ్లన్నీ ఈ గుడ్డలోంచి తిన్నగా లోపలికి వస్తాయి. సాయంత్రం ఆరు దాటగానే ఈలపురుగులు మొదలుపెడతాయి. ఒక్కో పురుగు గొంతు వేరుగా తెలియదు, అడవంతా ఒకే తీగ మోగినట్టు ఉంటుంది. పక్కనున్న మనిషి మాట వినాలంటే కొంచెం దగ్గరికి జరగాలి. ఇరవై నిమిషాలు అలా మోగి, ఎవరో చెప్పినట్టు ఆగిపోతాయి. తరవాత కప్పలు. అర్ధరాత్రి వాన వస్తే కాన్వాస్ మీద మొదటి చినుకులు విడివిడిగా వినిపిస్తాయి, కాసేపటికి మిగతావన్నీ ఆ హోరులో మునిగిపోతాయి.

తెల్లవారుజామున గిబ్బన్లు పాడతాయి. ఇక్కడివి తెల్లచేతుల గిబ్బన్లు, తోక లేని కోతులు. జంటగా బతుకుతాయి, జంటగానే పాడతాయి. ఆడది సన్నగా ఎత్తుకుని, మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లి, చివర వణుకుతూ దించుతుంది. అది ముగిసే క్షణానికి మగది అందుకుంటుంది. ఆ పాట కిలోమీటరు దాటి వినిపిస్తుంది. ఈ లోయ మాది, ఇక్కడ మేం ఇద్దరం ఉన్నాం అని పక్క జంటకు చాటడమే దాని పని. ఒక కొండ మీద మొదలైతే ఇంకో కొండ బదులిస్తుంది. గిబ్బన్‌ని కళ్లారా చూడటం అరుదు. ఎత్తయిన కొమ్మల్లో చేతుల మీద ఊగుతూ క్షణంలో దాటిపోతుంది. కాబట్టి ఈ అడవిని ఎక్కువగా చెవితోనే చూడాలి. ఏసీ గదుల్లో కిటికీలు మూసుకుని పడుకునే అతిథులకు అందనిది ఈ అరగంటే.

సంగతి ఇక్కడితో అయిపోతే ఇదొక మంచి విడిది మాత్రమే. ఖావ్ సోక్ అందరి ఫొటోల్లో కనిపించేది మాత్రం గుడారాల వల్ల కాదు, చియావ్ లాన్ జలాశయం వల్ల. ఆకుపచ్చ నీరు, అందులోంచి నిలువుగా లేచిన కొండలు, వాటి మధ్య పొడవాటి తోక మోటారు పడవలు. ఈ నీటి మీద వెదురు తెప్పల గదులు ఎప్పటి నుంచో ఉన్నాయి. కిందకి నాలుగు పలకలు, పైన తాటాకు, రాత్రి కొన్ని గంటలే జనరేటర్. ఇప్పుడు వాటి సరసన తేలే గుడారాలు వచ్చాయి. ఎలిఫెంట్ హిల్స్ వాళ్లదే ఒకటి ఉంది. తెప్ప మీద గుడారం, దానికి సౌరఫలకాల కరెంటు, అరుగు చివర కట్టేసిన కయాక్. మంచం దిగి మూడడుగులు వేస్తే నీళ్లు.

ఆ నీళ్లలో అక్కడక్కడా ఆకు లేని చెట్లు నిలబడి ఉంటాయి. బూడిదరంగు మొద్దులు, పైన పక్షి వాలి ఉంటుంది. అవి చెరువులో మొలిచిన చెట్లు కావు. లోయలో మొలిచినవి. నీరే తరవాత వచ్చింది.

ఖ్లోంగ్ సేంగ్ నది మీద థాయ్ విద్యుత్ సంస్థ 1982లో ఆనకట్ట మొదలుపెట్టి 1987లో పూర్తి చేసింది. పేరు రాచ్చప్రఫా. ఎత్తు 94 మీటర్లు, విద్యుత్తు 240 మెగావాట్లు. లోయలోని ఊళ్ల నుంచి 385 కుటుంబాల్ని ఖాళీ చేయించారు. నీరు 165 చదరపు కిలోమీటర్లకు తగ్గకుండా పరుచుకుంది. మనుషుల్ని తరలించడానికి ఏర్పాట్లు ఉన్నాయి. అడవికి ఉండవు కదా. నీరు పెరిగేకొద్దీ కొండ కొమ్ములు దీవులయ్యాయి, జంతువులు వాటి మీదికి ఎక్కాయి, దీవులు చిన్నవయ్యాయి. 1986లో ఆ జంతువుల్ని కాపాడే పనికి అటవీశాఖ సుయెబ్ నాఖసథియెన్ అనే అధికారిని పంపింది. డబ్బు తక్కువ, పడవలు తక్కువ, ఇలాంటి పని చేసిన అనుభవం ఆ దేశంలో ఎవరికీ లేదు. మునుగుతున్న కొమ్మల మీంచి కోతుల్ని, పాముల్ని, జింకల్ని పట్టి ఒడ్డుకు చేర్చారు. అలా దక్కిన ప్రాణాలు 1,300కు పైగా. వాటిలో చాలా తరవాత ఆ బెదురుకే చనిపోయాయి.

సుయెబ్ అక్కడ తేల్చుకున్నది ఒకటే: ముంచిన అడవిని తరవాత ఎవరూ కాపాడలేరు. కాంచనబురి వైపు నామ్ చోన్ అనే ఇంకో పెద్ద ఆనకట్ట కడతామన్నప్పుడు చియావ్ లాన్‌లో చూసిందంతా బయటపెట్టి ఎదిరించాడు. 1988లో ఆ పథకాన్ని పక్కనపెట్టారు. తరవాత హుయై ఖా ఖేంగ్ అభయారణ్యానికి అధికారిగా వెళ్లాడు. వేటగాళ్లతో, కలప దొంగలతో, పట్టించుకోని పైవాళ్లతో పోరాడి, 1990 సెప్టెంబరు 1న ప్రాణం తీసుకున్నాడు. వయసు నలభై. మరుసటి ఏడాది ఆ అడవిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. థాయ్ పర్యావరణ ఉద్యమానికి ఇప్పటికీ అతనే పెద్దదిక్కు. తేలే గుడారం అరుగు మీద కూర్చున్న ప్రతి అతిథికీ ఈ మనిషి కథ చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. టీ ఇచ్చేటప్పుడు చెప్పినా చాలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ దీవులు ఫొటోల్లో పచ్చగా, నిండుగా కనిపిస్తాయి. ఆనకట్ట కట్టిన కొన్నేళ్లకు ఒకసారి, పాతికేళ్లకు మళ్లీ ఒకసారి శాస్త్రవేత్తలు అక్కడ చిన్న జంతువుల్ని లెక్కపెట్టారు. ల్యూక్ గిబ్సన్ బృందం ఆ ఫలితాల్ని 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. అడవి ఎలుకలు, చెట్టెలుకల్లాంటి స్థానిక జాతులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చిన్న దీవుల్లో అయిదారేళ్లకే, కొంచెం పెద్దవాటిలో పాతికేళ్లకు. వాటి చోట బయటి నుంచి వచ్చిన మలయా పొలపు ఎలుక ఒక్కటే పెరిగింది. చెట్లున్నాయి, అడవి లేదు. అడవిని ముక్కలు చేస్తే ఏమవుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ చెరువును ఉదాహరణగా చూపిస్తున్నారు.

మనకు ఇది కొత్తగా విడమరిచి చెప్పక్కర్లేదు. శ్రీశైలం వెనక నీళ్లలో మునిగి, ఎండాకాలంలో బయటపడే సంగమేశ్వరాన్ని చూడబోయే జనం ఉన్నారు. పాపికొండల బోటెక్కి పోలవరం ముంపు ఊళ్ల పక్కనుంచి వెళ్లిన జనం ఉన్నారు. ఎంత అందంగా ఉందో అనుకుంటూనే కింద ఎవరి ఇల్లుందో అని ఒక్క క్షణం ఆగిపోతాం. చియావ్ లాన్ మీద కూడా ఆ రెండు ఆలోచనలూ ఒకేసారి వస్తాయి. రెండూ నిజమే, ఒకదాన్ని తోసేసి ఇంకోదాన్ని ఉంచుకోనక్కర్లేదు.

ఇక ఏనుగుల మాట. ఈ చుట్టుపక్కల చాలా శిబిరాలు ఏనుగు పేరు చెప్పి అతిథుల్ని పిలుస్తాయి. ఆ మచ్చిక ఏనుగులు ఒకప్పుడు దుంగలు లాగినవి, లేదా లాగినవాటి సంతానం. 1988 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోని నఖోన్ సీ థమ్మరాత్ కొండల్లో కుండపోత కురిసి, నరికి వదిలేసిన కలప, బురద ఊళ్ల మీదికి దిగాయి. వందలమంది చనిపోయారు. దేశం అదిరిపోయింది. 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో కలప కొట్టడాన్నే నిషేధించింది. అడవికి మేలే జరిగింది, మావటికి మాత్రం పని పోయింది. రోజుకు నూటయాభై కిలోలకు పైగా తినే జంతువును ఎలా సాకాలి? అలా ఏనుగులు పర్యాటకుల దగ్గరికి వచ్చాయి. వీపున అంబారీ కట్టి, రోజంతా మనుషుల్ని ఎక్కించుకుని తిరిగాయి.

ఎలిఫెంట్ హిల్స్‌లో సవారీ లేదు. అతిథులు అరటి బోదెలు, చెరకు, అనాస ముక్కలు కోసి తినిపిస్తారు. మేత కోసే చోట కూర్చుంటే ఏనుగుకు కూడా ఇష్టాయిష్టాలుంటాయని తెలుస్తుంది. చెరకు ముక్కను తొండంతో అందుకుని నేరుగా నోట్లో పెట్టుకుంటుంది. అరటి బోదెను కాలికింద తొక్కి, చీల్చి, లోపలి తెల్లటి దూటను మాత్రం ఏరుకుంటుంది. ఎక్కడ దిగినా గుడారం బాగుందా అని అడిగేముందు ఏనుగు మీద ఎక్కిస్తారా అని అడగండి. ఎక్కిస్తామంటే అక్కడికి వెళ్లొద్దు.

నడవగలిగినవాళ్లు గైడ్‌తో కొండదారి పట్టాలి. జలగలుంటాయి, మోకాలి దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు ఇస్తారు. జనవరి నుంచి మార్చి మధ్య అదృష్టం బాగుంటే రఫ్లీసియా కనిపిస్తుంది. దానికి ఆకు లేదు, కాండం లేదు, తనదంటూ వేరు లేదు. ఒక అడవి తీగ లోపల దాక్కుని బతికి, తొమ్మిది నెలలు మొగ్గగా ఉబ్బి, ముప్పాతిక మీటరు వెడల్పున ఎర్రగా విచ్చుకుంటుంది. కుళ్లిన మాంసం వాసన, ఈగల కోసం. నాలుగైదు రోజుల్లో నల్లబడిపోతుంది. ఎక్కడ పూసిందో గైడ్లకు రోజూ కబురు అందుతూనే ఉంటుంది.

భోజనం మనవాళ్లకు నచ్చుతుంది. దక్షిణాది థాయ్ వంట బ్యాంకాక్ వంటలా తియ్యగా ఉండదు. పసుపు, ఎండుమిరప, చింతపండు వేసి కాచే గేంగ్ సోమ్, చేపల పులుసు తిన్న నాలుకకు పరాయిగా అనిపించదు. శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి. కూరగాయల వేపుడులో కూడా చేప రసం వేస్తారు. ‘జే’ అని అడిగితే అది కూడా లేకుండా వండుతారు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్లడానికి అనువైన కాలం. వానల్లో అడవి ఇంకా బాగుంటుంది, జనం తగ్గుతారు, ధరలు కూడా. కానీ చెరువు అవతల నామ్ తలు అనే గుహ ఉంది. దాని గుండా ఏరు పారుతుంది, అందులో దిగి నడవాలి. 2007 అక్టోబరులో పైన ఎక్కడో కురిసిన వానకు ఆ ఏరు లోపలే పొంగి, పర్యాటకులు, గైడ్లు కలిపి ఎనిమిదిమంది చనిపోయారు. వానాకాలంలో దాన్ని మూసేస్తారు. మూసి ఉంటే గైడ్‌ని బతిమాలవద్దు. తెరిచి ఉన్నప్పుడు కూడా, మబ్బు చూసి అతను వద్దంటే ఆ పూట కయాక్ తీసుకోండి.