స్టేటస్

అమెరికాలో మనవాళ్ళు 'స్టేటస్' అన్నారంటే అది వీసా గురించే. హెచ్‌వన్‌లో ఉన్నావా, ఐ-140 అప్రూవ్ అయిందా, డేట్ ఎప్పటిది. నాకు మాత్రం చాలా ఏళ్ళు ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉండేది. ఆ రెండోది ఒక విమానాల కంపెనీ ఇచ్చింది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. పేరు మార్చినా కథ మారదు.

2012 నుంచి 2020 మార్చి దాకా నాది ఒకటే దారి. షికాగో శివార్లలో ఇల్లు, హార్ట్‌ఫర్డ్‌లో ప్రాజెక్టు. అది ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు, కాబట్టి తెలుగువాళ్ళకి కొదవలేదు. సోమవారం పొద్దున్నే ఆరింటి విమానం, గురువారం సాయంత్రం తిరుగు విమానం. ఒక్కో వైపు 780 మైళ్ళ చిల్లర. ఆ సోమవారం విమానంలో సగం మంది ముఖాలు నాకు తెలుసు, పేర్లు తెలీదు. అదే దారిలో వేరే కంపెనీల విమానాలూ ఉండేవి, ఒక్కోసారి నలభై యాభై డాలర్లు తక్కువకి. అయినా ఎనిమిదేళ్ళూ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడాను.

ఫ్రీ టికెట్ల కోసం అని అందరూ అనుకుంటారు. అదే నిజమైతే ఇండియా ప్రయాణాల్లో కూడా ఈ నిష్ఠ కనబడాలిగా? కనబడదు. ఎమిరేట్స్, కతార్, ఎతిహాద్, మూడూ షికాగోలో ఎక్కించుకుని, మధ్యలో ఒక్కచోట మార్పించి శంషాబాద్‌లో దించుతాయి. ఆ వారం ఎవరిది చవకైతే మన ఓటు వాళ్ళకే. నలుగురున్న ఇంటికి లాయల్టీ అంటే ఎన్ని పెట్టెలు తీసుకెళ్ళనిస్తారన్నదే. తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ బరువెంతో ఏ మైలేజీ కార్డుకీ తెలీదు. మన జేబులోంచి డబ్బు తీస్తే విధేయత ఉండదు. ఆఫీసు డబ్బుతో ఎక్కినప్పుడు తన్నుకొస్తుంది.

ఈ స్కీము మొదటినుంచీ నిలబడింది ఆ కిటుకు మీదే. 1978లో అమెరికాలో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. పోటీ పెరిగింది, ఎవరి సీటు చూసినా ఒకేలా ఉంది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' మొదలుపెట్టింది. తరచూ ఎగిరేవాళ్ళెవరో పట్టుకోవడానికి తమ సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్లో మళ్ళీ మళ్ళీ కనబడే ఫోన్ నంబర్లు వెతికారు. కొన్ని రోజుల్లోనే యునైటెడ్ కూడా తన స్కీము తెచ్చింది. టికెట్టు కొనేది కంపెనీ, మైళ్ళు పోగయ్యేది ఉద్యోగికి. ధర చూసి బాధపడనక్కర్లేని మనిషి చేతే ఎంపిక చేయించడం! ఇంత మర్యాదైన లంచం ఇంకోటి నేను చూళ్ళేదు.

దీనికి తోడు మనిషి బుర్ర ఒకటుంది. 2006లో జోసెఫ్ న్యూన్స్, గ్జేవియర్ డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కార్‌వాష్‌లో రెండు రకాల కార్డులు పంచిన సంగతి ప్రచురించారు. ఒక రకంలో ఎనిమిది ముద్రలు పడితే ఒక వాష్ ఫ్రీ. రెండో రకంలో పది పడాలి, కానీ రెండు ముందే వేసి ఇచ్చారు. రెండిట్లోనూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి రకం పూర్తిచేసినవాళ్ళు 19 శాతం, రెండో రకం 34 శాతం. సగంలో ఉన్న గీతని చూస్తే మనిషి ఆగలేడు. నేనూ ఆగలేదు. ఒక డిసెంబర్‌లో గోల్డ్‌కి మూడు వేల మైళ్ళు తక్కువైతే, శనివారం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, ఎయిర్‌పోర్టులోనే కాఫీ తాగి, సాయంత్రం విమానంలో వెనక్కొచ్చాను. "ఊరు కూడా చూడకుండానా?" అంది మా ఆవిడ. ఊరెవరిక్కావాలి!

ఇదంతా తెలివైనవాళ్ళు చేసిన వ్యాపారం, సరే. కానీ నా విషయంలో అది అంత గట్టిగా అంటుకోవడానికి కారణం వేరే ఉంది. 2014లో నా గ్రీన్‌కార్డు ఫైలు కదిలింది. కదిలింది అనకూడదు, క్యూలో చేరింది. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. నెలనెలా వీసా బులెటిన్ వస్తుంది. మన తేదీ కాస్త ముందుకు జరుగుతుంది, లేదా కదలదు, ఒక్కోసారి ఏకంగా వెనక్కి పోతుంది. నేను బాగా పనిచేసినా, టాక్సులు కట్టినా, దేవుడికి మొక్కినా దాన్లో మార్పుండదు. అదే ఫోన్లో పక్క యాప్ తెరిస్తే ఇంకో గీత. 'గోల్డ్‌కి ఇంకా 11,400 మైళ్ళు.' సోమవారం ఎక్కితే కదిలేది. గురువారం ఎక్కితే ఇంకాస్త కదిలేది. నియమం ముందే చెప్పి, చెప్పినట్టే నడిచిన క్యూ నాకు ఆ దేశంలో అదొక్కటే దొరికింది. క్లయింటు ఆఫీసు బ్యాడ్జి మీద పేరు కింద 'కాంట్రాక్టర్' అని ఉండేది. విమానంలో మాత్రం ఎయిర్ హోస్టెస్ లిస్టు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చి, ఇంటిపేరుతో పిలిచి థాంక్స్ చెప్పేది. తప్పుగానే పలికేది, కానీ పలికేది.

2016 ఫిబ్రవరిలో ఖమ్మంలో మా చెల్లి పెళ్ళి. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువైపోయి ఉంది. వెళ్తే బేగంపేట కాన్సులేట్‌లో మళ్ళీ స్టాంపింగ్‌కి నిలబడాలి. అంతకుముందు ఏడాది మా టీమ్‌లో ఒకతని చేతిలో 221(జి) కాగితం పెట్టారు. తొమ్మిది వారాలు అక్కడే ఉండిపోయాడు, ఈలోగా ఇక్కడ ప్రాజెక్టు పోయింది. "ఉద్యోగం ముఖ్యంరా, వీడియోలో చూద్దువుగాని" అంది అమ్మ. ముహూర్తం పొద్దున పదిన్నరకి. హార్ట్‌ఫర్డ్ హోటల్ గదిలో అది అర్ధరాత్రి. జీలకర్ర బెల్లం దగ్గర వీడియో బిగుసుకుపోయింది, ఫొటోగ్రాఫర్ వీపు మీద. అప్పటికి నా ఖాతాలో 3,80,000 మైళ్ళున్నాయి. భూమి చుట్టూ పదిహేనుసార్లు తిరగొచ్చు.

ఎందుకు దాస్తున్నావని ఎవరైనా అడిగితే అమ్మానాన్నలని బిజినెస్ క్లాస్‌లో తీసుకురావడానికి అనేవాణ్ణి. అబద్ధం కాదు. కానీ నాకు ఆ అంకె ఇంట్లో లేని రోజులకి రసీదు. మా పాప పుట్టిన ఏడాది వారానికి నాలుగు రోజులు నేను లేను. ఆ రోజుల్ని ఒక్కటీ వదలకుండా రాసిపెట్టింది విమానాల కంపెనీయే. వేరే కంపెనీకి మారడమంటే ఆ రసీదుల కట్ట మురక్కాలవలో పారేసి, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టడం. పాయింట్ల విలువ లెక్కకట్టి సలహాలిచ్చేవాళ్ళకి ఇది అర్థం కాదు. వాళ్ళు మైలుకి ఎన్ని సెంట్లు అని చూస్తారు.

కంపెనీలకి మాత్రం సెంట్ల లెక్క బాగా తెలుసు. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్, ఎంత దూరం ఎగిరావన్నది వదిలేసి ఎంత ఖర్చుపెట్టావన్న దాన్నిబట్టి మైళ్ళివ్వడం మొదలుపెట్టాయి. 'మైలు' అన్న మాటలో దూరం పోయింది. నా కంపెనీ కూడా ఏమీ తక్కువ తినలేదు. 2017 చివర్లో అమ్మానాన్నల కోసం చూస్తే, అవే సీట్లకి రెండేళ్ళ కిందటికన్నా దాదాపు రెట్టింపు మైళ్ళడిగింది. కనీసం ఒక ఉత్తరం ముక్క లేదు. 2020లో విమానాలన్నీ నేలమీద నిలబడ్డప్పుడు యునైటెడ్ తన మైలేజీ స్కీమునే తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ స్కీముకి కట్టిన విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లు. షేరు మార్కెట్లో అప్పటి కంపెనీ మొత్తం విలువకన్నా ఎక్కువ! క్రెడిట్ కార్డులిచ్చే బ్యాంకులు టోకున మైళ్ళు కొంటాయి కాబట్టి స్కీముకి అంత ధర. మన దగ్గర ఇంకా చిత్రం. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, దాని జెట్‌ప్రివిలేజ్ మాత్రం పేరు మార్చుకుని ఇంటర్‌మైల్స్‌గా బతికింది. విమానాలు పోయి మైళ్ళు మిగిలాయి.

అదే 2020లో నా ప్రాజెక్టు ఇంటినుంచే అయింది. ఒక్క విమానం ఎక్కకుండా గోల్డ్ ఇంకో ఏడాది పొడిగించారు, అడక్కుండానే. అప్పుడే హెచ్‌వన్ పొడిగింపుకి లాయరు జాబితా పంపింది: జీతం చిట్టాలు, డిగ్రీ కాపీలు, క్లయింటు లెటరు.

మొత్తానికి 2023లో, పెరిగిన రేటుకే, ఉన్న మైళ్ళన్నీ ఊడ్చి ఇద్దరికీ టికెట్లు తీశాను. మోకాళ్ళు పట్టేసే నాన్న దారిపొడుగునా కాళ్ళు చాపుకుని పడుకుని వచ్చారు. ఒహేర్‌లో వీల్‌చెయిర్లో బయటికొచ్చారు. అది మోకాళ్ళ కోసం కాదు, ఇమిగ్రేషన్ దగ్గర ఇంగ్లీషు కోసం. కారెక్కగానే ఎంతయిందని అడిగారు.

"డబ్బుల్లేవు నాన్నా, మైళ్ళతో."

"ఊరికే ఎవడిస్తాడ్రా?"

"ఊరికే కాదు. సోమవారం సోమవారం తిరిగాను కదా."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత, అంత పెద్ద సీటిచ్చారు గానీ ఇడ్లీ సరిగ్గా ఉడకలేదన్నారు. వెనక సీట్లో అమ్మ, విమానంలో ఇచ్చిన చిన్న సంచిలోంచి టూత్‌బ్రష్షు తీసేసి బీపీ మాత్రలు సర్దుకుంటోంది.