వో బీమారీ

మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకలేదు. ఉర్దూలో దాన్ని సర్తాన్ అంటారు. అరబీలో ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. తెలుగులో పాతవాళ్ళు రాచపుండు అనేవారు. డిగ్రీలో ఈ మాట మొదటిసారి చూసినప్పుడు పుండుకి రాచరికమేమిటని నవ్వుకున్నాను. పత్రికలో కేన్సర్ అనే రాస్తాం. "కేన్సర్‌తో పోరాడి ఓడిన..." అనే హెడ్డింగు నేనే ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. అమ్మీకి వచ్చేసరికి ఇన్ని మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "వో బీమారీ" అన్నాం, అదీ అమ్మీ పక్కన లేనప్పుడే. అమ్మీ ముందు మాత్రం, "ఛోటీసీ గాంఠ్ హై అమ్మీ, దవాసే ఘుల్ జాతీ."

అమ్మీకి అప్పటికి 62 ఏళ్ళు. మహబూబ్‌నగర్‌లో భాయ్‌జాన్ దగ్గర ఉండేది. గుసుల్ చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. నొప్పి లేని గడ్డని కూడా వెంటనే చూపించుకోవాలని మాలో ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెబుతుంది? కొడుకులకా? వీధి చివర క్లినిక్‌లో ఉన్నది మగ డాక్టరు. హయా అడ్డం వచ్చింది. చివరికి చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడ్డాక ఆపా కంటపడింది. ఆపా నాకు ఫోన్ చేసి ఏడ్చిందే తప్ప విషయం చెప్పలేకపోయింది. భాబీ ఫోన్ తీసుకుని చెప్పింది.

ఆ తర్వాత ఇంకో నెల మేమే పోగొట్టాం. సూది గుచ్చితే ఆ జబ్బు ఒళ్ళంతా పాకుతుందని చాచా పట్టుబట్టారు. పాకదు, ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప ఏ మందు ఇవ్వాలో తేలదు. ఆ మాట చాచాకు నచ్చజెప్పడానికి నాలుగు జుమ్మాలు గడిచాయి. దమ్ చేసిన నీళ్ళు తాగొద్దని ఏ డాక్టరూ అనలేదు. ఆ నీళ్ళతోనే సరిపెట్టుకుందామన్నది మావాళ్ళే.

అమ్మీకి చెప్పకపోవడానికి, భయంతోనే ప్రాణం పోతుందని మేం బయటికి చెప్పుకున్న కారణం. అసలుది వేరే ఉంది. ఆపా కూతురికి నిస్బత్ కుదిరేలా ఉంది. నానీకి ఆ జబ్బంటే అమ్మాయికీ వస్తుందంటారని ఆపా భయం. రొమ్ము కేన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. కానీ రిష్తా చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఈ లెక్కలు ఎవరు చెబుతారు?

హైదరాబాద్ తీసుకొచ్చాం. ఫైలు ఇంగ్లీషులో, ఆరోగ్యశ్రీ కాగితాలు తెలుగులో. అమ్మీకి ఆ రెండూ రావు. డాక్టరమ్మ అమ్మీని ఏదన్నా అడిగితే మేమే జవాబు చెప్పేవాళ్ళం, గబగబా తెలుగులో. అమ్మీ మా నోళ్ళకేసి చూసేది. "క్యా బోలే?" అంటే, "తాఖత్ కీ సూయీ దేతే బోలే" అనేవాణ్ణి. అబద్ధాలు చెప్పడం నాకు అంత బాగా వచ్చని అప్పుడే తెలిసింది.

గడ్డ పెద్దది కాబట్టి ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. 21 రోజులకొకసారి ఎర్రటి మందు. అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే ఆ ఎరుపు చూసి నెత్తురనుకుంటారు. మేం చెప్పలేదు. అమ్మీ ఆ రాత్రి బాత్రూంలోంచి చాలాసేపు బయటికి రాలేదు. మూడో వారానికి దిండు మీద జుట్టు. నోట్లో ఇనుము రుచి, బిర్యానీ వాసనొస్తే వాంతి. ఇక ఇయాదత్‌కి వచ్చే జనం. మరీజుని చూడ్డానికి వెళ్ళడం సవాబే, కాదనను. కానీ కీమో తర్వాత వారం, రెండు వారాలు రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. దగ్గుతూ వచ్చిన ఒక ఖాలా అమ్మీ చెంపలు నిమిరి, ఆపిల్ పళ్ళిచ్చి, తన తోడికోడలు ఇలాగే పోయిందని చెప్పి వెళ్ళింది. నాలుగో రోజుకి అమ్మీకి జ్వరం, మళ్ళీ అడ్మిషన్. మందులకి ఆరోగ్యశ్రీ ఉంది. గది అద్దెకి, ఆటోలకి, భాయ్‌జాన్ మూసుకున్న టైలరింగ్ షాపుకి ఏ కార్డూ లేదు.

ఇంతలో రంజాన్ వచ్చింది. అమ్మీ రోజా ఉంటానంది, వద్దన్నాం. మౌల్వీ సాబ్‌ని అడగమంది. ఫోన్ చేశాను. ఆయన ఒకటే ప్రశ్న వేశారు. "నయమయ్యే బీమారీ అయితే తర్వాత ఖజా రోజాలు ఉండాలి. ఆశలేని బీమారీ అయితే ఫిద్యా, రోజాకొక మిస్కీన్‌కి అన్నం పెట్టాలి. మీ అమ్మీది ఏది?"

స్పీకర్ ఆన్‌లో ఉంది. నాకు నోరు పెగల్లేదు. ఫోన్ పెట్టేశాక అమ్మీ అంది, "బోల్ నా రే. ఖజా కీ ఫిద్యా? సర్తాన్ హై బోల్‌కే తో మేరేకు మాలూమ్."

ఎలా తెలుసన్నాను.

"పహెలే దినిచ్ పఢ్ లీ. గేట్ పే బోర్డ్ హై నా."

ఆస్పత్రి బోర్డు మీద ఇంగ్లీషు, తెలుగు, కింద ఉర్దూ. ఇంగ్లీషు నుంచీ తెలుగు నుంచీ దాచాను, ఉర్దూని మర్చిపోయాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. పలక మీద అలిఫ్, బే దిద్దించింది ఆమే.

మరి అయిదు నెలలు ఎందుకు చెప్పలేదంటే, "తుమ్ లోగాఁ డర్ గయే థే" అంది. మేం భయపడ్డామని తను ఊరుకుంది.

ఆ అయిదు నెలల్లో ఒకటి జరిగింది, అది ఇక దిద్దుకోలేం. ఫుప్పూతో అమ్మీకి ప్లాటు విషయంలో 11 ఏళ్ళుగా మాటల్లేవు. వెళ్ళి మాఫీ అడగాలనుకుందట. ఇప్పుడెందుకని ఫుప్పూ అడిగితే జబ్బు సంగతి చెప్పాలి, చెబితే మేం అబద్ధాలకోరులమవుతాం. ఆగింది. షాబాన్‌లో గుండెపోటుతో ఫుప్పూయే ముందు పోయింది. మయ్యత్ దగ్గర అమ్మీ ఎందుకంతలా ఏడ్చిందో మాకు అర్థం కాలేదు.

తర్వాతి కీమోకి డాక్టరమ్మ ముందు అమ్మీయే మాట్లాడింది, నేను తర్జుమా చేశాను. రోజా ప్రశ్నే అడిగింది. నయం చేయాలనే వైద్యం చేస్తున్నాం, మాటివ్వలేను, వచ్చే ఏడాదికి ఉపవాసం ఉండగలరనుకుంటున్నాను, అందామె. అమ్మీ ఖజా అని తేల్చుకుంది. ఒక కాగితం మీద 30 గీతలు గీసి ఫైల్లో పెట్టింది.

అబ్బాయి తల్లికి కూడా అమ్మీయే ఫోన్ చేసి చెప్పింది. రెండు వారాలు జవాబు లేదు, తర్వాత ఇస్తిఖారాలో సరిగా రాలేదన్నారు. ఆపా నెల రోజులు అమ్మీతో మాట్లాడలేదు. ఆపాని నేను తప్పు పట్టలేను. ఆ అమ్మాయే రేడియేషన్‌కి రోజూ నానీతో వెళ్ళింది. దానికింకా సంబంధాలు చూస్తున్నాం, ముందే చెప్పి.

ఇది జరిగి మూడేళ్ళు. అమ్మీ ఎడమ చెయ్యి సాయంత్రానికి వాస్తుంది, ఆ చేతికి గాజులు మానేసింది. ఆర్నెల్లకొకసారి చెకప్. ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. చలికాలం పొద్దు తక్కువని ఖజాలు అప్పుడు ఉంటుంది. ఫైల్లో కాగితం మీద 19 గీతలు కొట్టేసి ఉన్నాయి. మొన్న ఆ కాగితం నలిగిపోయిందని కొత్తది రాసిమ్మంది. పైన "ఖజా" అని ఉర్దూలో రాసిచ్చాను. జ్వాద్ రాయాల్సిన చోట జే రాశానని పెన్ను లాక్కుని దిద్దింది.